సున్నా ఎప్పుడు ఒకటవుతుంది?

రండర్రా, అరుగు మీద బోలెడంత చోటుంది, కాస్త జరిగి కూర్చోండి. పెద్దాడు పొద్దుట్నుంచీ ఒకటే అడుగుతున్నాడు. "తాతయ్యా, సాఫ్ట్‌వేర్ల పేర్ల పక్కన 0.7 అనీ 1.0 అనీ అంకెలుంటాయి కదా, అవి ఎవరు పెడతారు? ముందున్న సున్నా పోయి ఒకటి ఎప్పుడొస్తుంది?" అని. ఎంత మంచి ప్రశ్నో చూడండి! ఈ ఒక్క ప్రశ్న దగ్గర మహామహా బుర్రలున్నవాళ్ళు ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడ్డారు. కొందరు ఎనిమిది నెలల్లో తేల్చేశారు. కొందరికి పదిహేనేళ్ళు పట్టింది. ఇద్దరూ తెలివైనవాళ్ళే. మరి ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలుసుకుంటే భలే ఉంటుంది.

నేను చెప్పబోయే కథలు చాలావరకు ఓపెన్ సోర్స్‌వి, కాబట్టి ముందు అదంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పుకుందాం. ప్రోగ్రాం రాసినవాళ్ళు తాము రాసిన అసలు పాఠాన్ని దాచిపెట్టకుండా అందరికీ ఇచ్చేస్తారు. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, తమ ఇష్టం వచ్చినట్టు మార్చుకుని నలుగురికీ పంచొచ్చు. మామూలు కంపెనీ సరుకైతే తలుపులు వేసుకుని తయారుచేస్తారు. ఏ తేదీన అమ్మకానికి పెట్టాలో యజమాని చెబుతాడు, ఆ రోజు సరుకు బజారులోకి వస్తుంది. ఓపెన్ సోర్స్‌లో తలుపులే ఉండవు. మొదటి రోజు రాసిన పది పంక్తులు కూడా జనం కళ్ళ ముందే ఉంటాయి. సగం తయారైనదాన్నే తీసుకుని వాడేవాళ్ళు కూడా ఉంటారు. అంటే 1.0, మొదటి స్థిరమైన విడుదల అని మనం గొప్పగా చెప్పుకునే రోజుకి, ఆ సరుకు ఎప్పుడో ఊళ్ళు తిరిగేసి ఉంటుంది. మరి ఆ రోజు కొత్తగా ఏం జరుగుతున్నట్టు? అసలు మెలిక అంతా అక్కడే ఉంది.

మన తళవాయిపురం సంగతే తీసుకోండి. ఏ వీధిలో నడిచినా కుట్టుమిషన్ల చప్పుడే. నైటీ కొత్త మోడల్ ఎలా పుడుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. కటింగ్ మాస్టరు ముందు కాగితం మీద గీస్తాడు. ఒక శాంపిల్ పీసు కుట్టించి ఇంట్లో ఎవరికో ఇచ్చి తొడుక్కోమంటాడు. చంక దగ్గర పట్టేస్తోందా, మెడ జారుతోందా, వంగి ముగ్గేస్తుంటే భుజం లాగుతోందా అని అడుగుతాడు. ఉతికించి ఆరేయిస్తాడు, గుడ్డ ఎంత ముడుచుకుందో కొలుస్తాడు. శాంపిల్ దశలో ఏ మార్పయినా చెయ్యొచ్చు. మెడ అరంగుళం తగ్గించొచ్చు, జేబుని కుడి నుంచి ఎడమకి తెచ్చుకోవచ్చు. ఎంత మార్చినా పోయేది ఒక్క పీసు గుడ్డే.

మాస్టరుకి తృప్తి కలిగాక అట్ట కోస్తాడు. ఆ అట్ట కొలత ప్రకారం గుడ్డని పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోస్తారు. ముక్కలు మూటలు కట్టి ఇళ్ళకి పంపుతారు. ఒకింట్లో చేతులు అతుకుతారు, ఇంకో ఇంట్లో మెడకి పైపింగు వేస్తారు, మరో ఇంట్లో అంచు కుడతారు. ఇక ఆ రోజు నుంచి మాస్టరు "మెడ ఇంకో అరంగుళం తగ్గిద్దామనిపిస్తోంది" అంటే కుదరదు. ఆ మెడ కొలతకి తగ్గ పైపింగు పట్టీ ఇంకొకరింట్లో కోసి సిద్ధంగా ఉంది మరి. ఆయనకి తెలియని ఇంట్లో, ఆయన చూడని మనిషి, ఆయన కొలతని నమ్ముకుని తన పని చేసుకుంటోంది. సాఫ్ట్‌వేర్‌లో సున్నా అంటే శాంపిల్ పీసు. ఒకటి అంటే అట్ట కోయడం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మిగిలిన కథంతా దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు లినక్స్ కథ చెబుతాను. ఫిన్లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అని ఒక కుర్రాడు చదువుకునేవాడు. 1991 ఆగస్టులో, తాను ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని తోటి ఔత్సాహికులకి కబురు పెట్టాడు. ఆపరేటింగ్ సిస్టం అంటే కంప్యూటర్లోని అన్ని భాగాలనీ, అన్ని ప్రోగ్రాములనీ నడిపించే పెద్దదిక్కు. అప్పటికతనికి 21 ఏళ్ళు. సెప్టెంబరులో 0.01 వచ్చింది, పది వేల పంక్తులకి కొంచెం ఎక్కువ. 1992 జనవరికి 0.12 అయింది. అది బాగా పనిచేయడం చూసి అతనికి ఉత్సాహం పొంగింది. ఒకటికి దగ్గరపడ్డామనుకుని, మార్చిలో ఏకంగా 0.95 అని అంకె వేశాడు. ఇంకెంత, అయిదు వందో వంతులే కదా మిగిలింది!

ఆ కాస్త దూరం నడవడానికి రెండేళ్ళు పట్టింది పిల్లలూ. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడే ఏర్పాటు ఉంటుంది చూశారా, నెట్‌వర్కింగ్ అంటారు, అది లొంగలేదు. 0.96, 0.97, 0.98 అయిపోయాయి. 0.99 కూడా వచ్చేసింది. ఆ పైన వేయడానికి అంకె మిగల్లేదు. అప్పుడు 0.99 పక్కన ఇంకో అంకె తగిలించి, అది 15 దాకా పెంచుకుంటూ పోయారు. ఎట్టకేలకి 1994 మార్చి 14న లినక్స్ 1.0 వచ్చింది. అప్పటికి దానిలో 1,76,250 పంక్తులు. పది వేలతో మొదలైన పని అంతయింది. నెట్‌వర్కింగ్ నిలదొక్కుకోకుండా ఒకటి అంటే జనం దాని మీద ఏం కట్టుకున్నా కూలిపోతుందని ఓపిక పట్టారు. తోసిపారేసి ఒకటి అనేయడానికి అడ్డుపడే యజమాని గానీ, తొందరపెట్టే యజమాని గానీ ఎవరూ లేరు. ఆ ఓపిక వాళ్ళంతట వాళ్ళు పట్టినది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

అదే లైనస్ తరవాత ఇంకో పని చేశాడు. వందలమంది కలిసి ఒకే ప్రోగ్రాం రాస్తుంటే ఎవరు ఏం మార్చారో లెక్క ఉండాలి కదా. దానికోసం 2005 ఏప్రిల్‌లో గిట్ అనేది మొదలుపెట్టాడు. కొన్ని వారాల్లోనే లినక్స్ పనంతా దాని మీదే నడవసాగింది. కొద్ది నెలలకి జునియో హమానో అనే ఆయనకి బాధ్యత అప్పగించాడు, ఆయన ఆ డిసెంబరులోనే 1.0 విడుదల చేశాడు. ఎనిమిది నెలలంటే అదే. తొందరపడ్డారనుకుంటారేమో, లేదు. అంత పెద్ద లినక్సే దాని మీద బతుకుతున్నప్పుడు, ఇంకా ఇది శాంపిల్ పీసే అంటే ఎవరు నమ్ముతారు? అట్ట అప్పటికే కోసి ఉంది, దానికి అంకె వేశారు, అంతే.

దీనికి నేరుగా ఎదురుండే కథ వైన్‌ది. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములని లినక్స్ మీద నడిపించే ఉపాయం అది. 1993లో మొదలైంది. దాని కష్టం ఏమిటంటే, అవతల విండోస్ ఏటికేడు పెరుగుతూనే ఉంటుంది. ప్రపంచంలో ఉన్న విండోస్ ప్రోగ్రాములన్నీ నడిచాకే ఒకటి అంటామని కూర్చుంటే ఆ రోజు ఎన్నటికీ రాదు. మరి వాళ్ళేం చేశారు? అన్నిటినీ పక్కనపెట్టి, కొన్ని ప్రోగ్రాముల జాబితా రాసుకున్నారు. ఫొటోషాప్ సీఎస్2 నడవాలి, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్ళు చూపించే చిన్న ప్రోగ్రాములు నడవాలి. ఇవి సరిగ్గా నడిచిన రోజు ఒకటి అందాం అనుకున్నారు. అలా 2008 జూన్ 17న వైన్ 1.0 వచ్చింది. పదిహేనేళ్ళు! చూశారా, సిద్ధమైందా అనే ప్రశ్నకి అంతం ఉండదు. ఈ నాలుగు పనులు అవుతున్నాయా అనే ప్రశ్నకి మాత్రం అవునో కాదో జవాబు ఉంటుంది. జాబితా ముందే రాసుకోవడంలో ఉన్న సుఖం అది. పని చివరికొచ్చాక రాస్తే, మనకి తెలియకుండానే అయిపోయినవాటినే జాబితాలో వేసుకుంటాం.

చిన్నదానికి అనుమానమొచ్చింది, చూడండి కళ్ళు ఎలా చికిలిస్తోందో. "అయితే తాతయ్యా, సున్నా ఉన్నవి వాడకూడదా?" అంటోంది. వాడకపోవడమేమిటమ్మా, లోకమంతా వాడుతోంది. సైపై అనే ఓపెన్ సోర్స్ సామగ్రి ఉంది. శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద లెక్కలు చెయ్యడానికి వాడతారు. 2001లో మొదలైంది. ఎక్కడో కోట్ల కోట్ల మైళ్ళ దూరంలో రెండు కృష్ణబిలాలు ఢీకొంటే పుట్టిన అలలు 2015 సెప్టెంబరులో మన భూమికి తగిలాయి. వాటిని అమెరికాలోని లైగో యంత్రాలు పట్టుకున్నాయి. ఆ లెక్కలు తేల్చడంలో సైపై కూడా ఒక చెయ్యి వేసింది. అప్పటికి దాని అంకె ఇంకా సున్నాలోనే ఉంది! 2017 అక్టోబరుకి గానీ 1.0 కాలేదు, పదహారేళ్ళ తరవాత. హడూప్ అని ఇంకొకటి, దాన్ని మొదలుపెట్టిన డగ్ కటింగ్ గారబ్బాయి ఆడుకునే పసుప్పచ్చ ఏనుగుబొమ్మ పేరు దానికి పెట్టారు. వేల కంప్యూటర్లని కలిపి ఒకే పని చేయిస్తుంది. 2008కే యాహూ వాళ్ళ వెతుకులాట పని దాని మీద నడిచేది. ఒకటి అని ప్రకటించింది మాత్రం 2012 జనవరిలో.

మరి అంత బాగా పనిచేస్తుంటే సున్నా దగ్గరే ఎందుకు ఆగారు అంటారా? అణకువ కొంత, భయం కొంత. ఇంకా బాగుచెయ్యాల్సింది చాలా ఉందని వాళ్ళకి తెలుసు. తమ చేతి పని లోపాలు తమకే ఎక్కువ కనిపిస్తాయి. కానీ అణకువ ముదిరినా కష్టమే. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి చూసి, అమ్మో సున్నా ఉంది, ఇంకా పచ్చిగా ఉన్నట్టుంది అని వెనక్కి వెళ్ళిపోతారు. ఇంకోపక్క, తయారీదారులు కొలతలు ఇష్టం వచ్చినట్టు మారుస్తూ, అడిగితే, మేం సున్నాలోనే ఉన్నాం కదా అంటారు. పదిళ్ళవాళ్ళు ఆ కొలత మీద ఆధారపడి కుడుతున్నారని తెలిసీ ఇంకా శాంపిలే అనడం న్యాయం కాదు.

ఈ న్యాయాన్ని సూత్రంగా రాసిపెట్టినాయన ఒకరున్నారు. టామ్ ప్రెస్టన్ వెర్నర్ అని, గిట్‌తో రాసిన కోడ్ పంచుకునే గిట్‌హబ్ అనే సైటు స్థాపకుల్లో ఒకరు. అంకెలు వేసే పద్ధతి ఒకటి రూపొందించారు. మూడు అంకెలు, మధ్యలో చుక్కలు. చిన్న తప్పు దిద్దితే చివరి అంకె పెరుగుతుంది. పాతవాటికి ఇబ్బంది లేకుండా కొత్త సౌకర్యం చేరిస్తే మధ్య అంకె పెరుగుతుంది. పాతవాళ్ళ పని చెడగొట్టే మార్పు చేస్తే మొదటి అంకె పెరగాలి. మొదటి అంకె సున్నాగా ఉన్నన్నాళ్ళూ ఏదైనా ఎప్పుడైనా మారొచ్చు. మరి ఒకటి ఎప్పుడనాలి? జనం తమ నిత్యవ్యవహారాలకి దాన్ని నమ్ముకుని ఉంటే, ఏది మారిస్తే ఎవరికి ఇబ్బందో అని నీకు బెంగ పట్టుకుని ఉంటే, నువ్వు ఒకటి అనవలసిన రోజు వచ్చేసిందని ఆయన భావం. ఎంత తేలికగా ఉందో చూడండి! యంత్రాన్ని పరీక్షించి తెలుసుకునే సంగతిని, మన మనసులో ఉన్న బెంగని బట్టి కూడా తెలుసుకోవచ్చన్నమాట.

ఒకటి అనడమంటే పాతవాళ్ళ పని ఇక ఇష్టం వచ్చినట్టు చెడగొట్టబోమని మాట ఇవ్వడమే. దానికి మేటి ఉదాహరణ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఒకటి రాకముందు దానితో ప్రోగ్రాం రాసినవాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు. ఈ నెల రాసినది వచ్చే నెల పనిచేస్తుందన్న నమ్మకం లేదు, భాష స్వరూపమే మారిపోతూ ఉండేది. అలా మార్చుకోవడం అవసరమే, శాంపిల్ దశలోనే కదా మార్చుకోవాలి. తమకి నచ్చనివన్నీ మార్చేసుకుని 2015 మే 15న 1.0 అన్నారు. ఆ రోజు నుంచి ఆరు వారాలకోసారి కొత్త విడుదల వస్తూనే ఉంది, అయినా పాత ప్రోగ్రాములు పనిచెయ్యాలన్న మాట మీదే నిలబడ్డారు. గో అనే భాష వాళ్ళు కూడా 2012 మార్చిలో అలాంటి మాటే ఇచ్చారు. కాబట్టి ఒకటి అనే ముందు చెయ్యాల్సిన ముఖ్యమైన పని, పగలగొట్టాల్సినవన్నీ పగలగొట్టెయ్యడం. నచ్చని పేరు ఉంటే అప్పుడే మార్చాలి, తప్పుడు కొలత ఉంటే అప్పుడే దిద్దాలి. మొహమాటపడి వదిలేస్తే, ఆ తప్పుని ఏళ్ళ తరబడి మొయ్యాలి.

తొందరపాటు కథలు కూడా చెప్పాలి మరి. డెబియన్ అని, లినక్స్‌కి కావలసిన వేల ప్రోగ్రాములు కలిపి ఒక్క మూటగా ఇచ్చేవాళ్ళున్నారు. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. 1995 చివరికి వాళ్ళు 1.0 కోసం పనిచేస్తున్నారు, ఇంకా సగంలో ఉంది. ఇంతలో సీడీలు అమ్మే ఒక వ్యాపారి ఆ సగం సరుకునే సీడీలో వేసి, మీద డెబియన్ 1.0 అని అచ్చేసి అమ్మేశాడు. కొన్నవాళ్ళకి అది సరిగ్గా పనిచెయ్యలేదు. ఏం చెయ్యాలి? అసలైన ఒకటి తయారయ్యాక దానికీ 1.0 అని పేరు పెడితే ఏది అసలో ఏది నకిలీయో తెలియదు. అందుకని ఆ అంకెని వదిలేసుకుని, 1996 జూన్‌లో నేరుగా 1.1 అని విడుదల చేశారు. డెబియన్‌కి అసలు 1.0 అనేదే లేదు! ఆ 1.1 పేరు బజ్. అవును, టాయ్ స్టోరీ సినిమాలో బజ్ లైట్‌ఇయరే. అప్పట్లో డెబియన్ పెద్ద బ్రూస్ పెరెన్స్ ఆ సినిమా తీసిన పిక్సార్‌లో పనిచేసేవాడు. అప్పట్నుంచి ప్రతి విడుదలకీ టాయ్ స్టోరీ సినిమాల్లోని ఒక పాత్ర పేరే పెడతారు. బొమ్మలు విరగ్గొట్టే సిడ్ అనే పిల్లాడు ఉంటాడు చూడండి, ఎప్పుడూ మారుతూ ఉండే అస్థిరమైన భాగానికి ఆ పేరు.

డెబియన్ వాళ్ళ పద్ధతి మీరు నేర్చుకోదగ్గది. కొత్తగా వచ్చిన ప్రతి ప్రోగ్రామూ ముందు ఆ సిడ్‌లోకి వెళ్తుంది. అక్కడ కొన్ని రోజులు ఉండి, పెద్ద లోపాలేవీ బయటపడకపోతే టెస్టింగ్ అనే గదిలోకి వస్తుంది. విడుదల దగ్గరపడ్డాక తలుపు మూసేస్తారు. కొత్తది ఏదీ లోపలికి రాదు, లోపాలు దిద్దడం ఒక్కటే పని. విడుదలని ఆపదగ్గ పెద్ద లోపాల జాబితా అందరికీ కనిపించేలా పెడతారు. ఎప్పుడు విడుదల అంటే, సిద్ధమైనప్పుడు అంటారు. వినడానికి తప్పించుకునే జవాబులా ఉంటుంది గానీ, ఎదురుగా జాబితా ఉంది, అది తరుగుతోందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. చెన్నైలోని సీడాక్ వాళ్ళు ఈ డెబియన్ మీదే మన దేశభాషలకి పనికొచ్చేలా బాస్ లినక్స్ తయారుచేసి 2007లో ఇచ్చారు. ఆ తరవాత మన తమిళనాడు సర్కారు బడిపిల్లలకి ఇచ్చిన ల్యాప్‌టాపుల్లో అది ఉండేది. బజ్ నాడు మొదలైన ఓపిక మీ అన్నల, అక్కల చేతుల్లోకి అలా వచ్చింది.

ఇంకో తొందరపాటు కథ. కేడీఈ అనే వాళ్ళు కంప్యూటర్ తెర మీద కిటికీలు, బొమ్మలు, పట్టీలు అన్నీ తయారుచేస్తారు. 2008 జనవరిలో 4.0 విడుదల చేశారు. ఇది కొత్త పునాది, ప్రోగ్రాములు రాసేవాళ్ళు దీని మీద పని మొదలుపెట్టడానికి ఇస్తున్నాం, మామూలు జనం కాస్త ఆగొచ్చు అన్నారు. కానీ అంకె చూసినవాళ్ళు ఆ వివరణ చదవలేదు. లినక్స్ పంచిపెట్టేవాళ్ళు అందరికీ ఇచ్చేశారు, వాడినవాళ్ళు గగ్గోలు పెట్టారు. అంకె అందరితోనూ ఒకే మాట చెబుతుంది. ఒకరికి సిద్ధమనీ ఇంకొకరికి కాదనీ దానితో చెప్పించలేం.

మరి ఇంట్లో కూర్చుని ఎంత పరీక్షించినా దొరకని లోపాలు ఉంటాయి. దీనికి మన తెలుగు అక్షరమే సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో గొప్ప గోల జరిగింది. మన "జ్ఞా" అక్షరంలో కంటికి కనిపించని ఒక గుర్తు ఇరుక్కుని వస్తే, దాన్ని తెర మీద గీయబోయి ఐఫోన్లలో యాప్‌లు టపటపా మూతపడిపోయేవి. ఆపిల్ వాళ్ళు ఆ నెల 19న దిద్దుబాటు విడుదల చేశారు. అది ఓపెన్ సోర్స్ కాదు, ఒకటో విడుదలా కాదు, ఎంతో ముదిరిన సరుకు. అయినా ఒక తెలుగు అక్షరం దగ్గర చతికిలబడింది. జ, ఞ కలిసి, కింద చేరి, దీర్ఘం తీసుకునే మన రాత తీరు వేరు. ఇంగ్లీషు అక్షరాలతో వెయ్యిసార్లు పరీక్షించినా ఆ లోపం దొరకదు. అందుకే ఒకటి అనే ముందు సరుకుని మనలాంటివాళ్ళ చేతికి ఇవ్వాలి. తళవాయిపురంలో, రాజపాళయంలో తెలుగు ఇళ్ళలో పెరిగిన మీలాంటి పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు, మూడూ ఒకే రోజులో రాస్తారు. మీకు కనిపించే లోపాలు ఎక్కడో దూరదేశంలో ఉన్నాయనకి కనిపించవు. కనిపించినప్పుడు చెప్పడం కూడా ప్రోగ్రాం రాయడమంత గొప్ప పనే.

సరే, ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీలో ఒకరు ఈ వీధిలో ఇంటింటికీ పనికొచ్చే చిన్న ప్రోగ్రాం రాశారనుకోండి. ఎవరు ఎన్ని పీసులు కుట్టారో వేసుకుంటే శనివారానికి కూలి లెక్క తేలుస్తుంది. ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇచ్చారు. ఒకటి ఎప్పుడంటారు? నేనైతే ముందు మీరు లేనప్పుడు చూస్తాను. మీరు పక్కన కూర్చుని చూపించకుండా, పక్కవీధి పిన్ని ఒక్కతే కాగితం మీది సూచనలు చదివి దాన్ని ఫోన్లో పెట్టుకోగలిగిందా? తరవాత, లెక్క రాస్తుండగా ఫోన్ ఛార్జి అయిపోతే రాసింది పోయిందా, ఉందా? కూలి డబ్బు విషయం కదా, తెర రంగు బాగాలేకపోయినా సర్దుకుంటారు గానీ రాసిన లెక్క పోతే క్షమించరు. పేర్లు తెలుగులో రాసినా తమిళంలో రాసినా సరిగ్గా కనిపిస్తున్నాయా? ఈ ఏడాది దాచుకున్న లెక్కల ఫైలుని వచ్చే ఏడాది ప్రోగ్రాం తెరుస్తుందని మీరు మాట ఇవ్వగలరా? అదే మీ అట్ట కొలత, అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించుకోవాల్సింది. మీకు తెలిసిన లోపాలన్నీ దాచకుండా రాసిపెట్టారా? మీకు పరీక్షలొచ్చి తీరికలేకపోతే తప్పు దిద్ది ఇవ్వగల ఇంకో మనిషి ఉన్నారా?

వీటికి అవునని జవాబొస్తే, కొత్తవి చేర్చడం ఆపెయ్యండి. ఇది విడుదలకి అభ్యర్థి అని చెప్పి నలుగురికి ఇవ్వండి. పెద్దవాళ్ళు దాన్ని రిలీజ్ కేండిడేట్ అంటారు. అప్పటికే కోసిన అట్టతో కొద్ది పీసులే కుట్టి చూసుకోవడం లాంటిది. అందులో పెద్ద లోపం దొరికితే దిద్ది, రెండో అభ్యర్థి ఇవ్వండి. మళ్ళీ ఆగండి. కొన్నాళ్ళు ఏ గొడవా రాకపోతే, దానిలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా దానికే 1.0 అని పేరు పెట్టండి. ఆఖరి నిమిషంలో ఇంకొక్క సౌకర్యం చేర్చేద్దామని చేతులు దురద పెడతాయి. ఆ ఒక్కటీ 1.1కి దాచుకోండి.

లోపమే లేని రోజు కోసం మాత్రం ఎదురుచూడకండి. డోనల్డ్ నూత్ అని గొప్ప కంప్యూటర్ శాస్త్రవేత్త. పుస్తకాలు అందంగా అచ్చువేయడానికి 1970లలో టెక్ అనే ప్రోగ్రాం రాశారు. దానిలో తప్పు కనిపెట్టినవాళ్ళకి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. అంటే 256 సెంట్లు, కంప్యూటర్ వాళ్ళకి ఇష్టమైన సంఖ్య. చాలామంది ఆ చెక్కుని బ్యాంకులో వెయ్యకుండా పటం కట్టించుకున్నారు. ఇప్పుడు టెక్ అంకె ఏమిటో తెలుసా? మూడు దగ్గర కొత్త సౌకర్యాలు చేర్చడం ఆపేశారు. ఆ పైన తప్పు దిద్దిన ప్రతిసారీ ఒక్క అంకె చేరుస్తారు: 3.1, 3.14, 3.141. అవును, మీ లెక్కల పుస్తకంలో పై విలువ! 2021లో 3.141592653 దాకా వచ్చింది. పై విలువకి దగ్గరవుతూనే ఉంటుంది, ఎన్నడూ పూర్తిగా చేరదు. అంత జాగ్రత్తగల మనిషే, తప్పులు లేని రోజు రాదని అంకెలోనే చెప్పేశారు. అయినా దశాబ్దాలుగా లోకమంతా ఆ ప్రోగ్రాంని నమ్ముకుని పుస్తకాలు వేస్తోంది. నమ్మకం కుదిరింది ఆయన నిలబడి దిద్దుతూ వచ్చారు గనక, ఆ కొలతలు మారవని తెలుసు గనక.

అదర్రా సంగతి. సరుకు తనంతట తాను సున్నా నుంచి ఒకటి కాదు. తనకి తెలియని మనుషులకి మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోవడానికి తయారీదారు ఒప్పుకున్న రోజున అవుతుంది. 1.0 ఇచ్చిన మర్నాడే ఎవరో ఒక తప్పు పట్టుకొస్తారు. కంగారు పడకండి, వాళ్ళకి నమస్కారం చెప్పి దిద్ది 1.0.1 ఇవ్వండి. చివరి అంకె ఉన్నదే అందుకు.

ఇప్పుడు లేచి వెళ్ళి మీ అక్క పాత ల్యాప్‌టాపు తెరవండి, అదీ డెబియన్ కుటుంబమే. నల్ల తెర మీద డీపీకేజీ అని ఇంగ్లీషులో కొట్టి, చోటు వదిలి, చిన్న గీత పెట్టి ఎల్ కొట్టండి. ఆ కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాములన్నీ అంకెలతో సహా వరసగా కనిపిస్తాయి. వాటిలో సున్నాతో మొదలయ్యేవి ఏవేవో రాసుకురండి. ఒక్కొక్కటీ ఏం పని చేస్తుందో, ఎన్నేళ్ళుగా ఆ సున్నాలో ఉందో, ఎందుకుందో రేపు సాయంత్రం కూర్చుని తీరిగ్గా తవ్వుదాం.